మస్టరులో లేని మనిషి

వనపర్తిలో మా ఇంటికి వచ్చేవాళ్లలో సగం మంది రాజుల చుట్టాలే. డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పి రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, అడిగినవాళ్లకు పాత కాగితాలు చదివిపెట్టే పని నెత్తిన వేసుకున్నాను. చిన్నప్పుడు పక్కింటి ఫకీర్ సాబు చెవి మెలిపెట్టి నేర్పిన ఉర్దూ ఇన్నేళ్లకు అక్కరకొచ్చింది. నిజాం కాలం నాటి నకలు ఒకటి పట్టుకొని వస్తారు, అందులో తమ ముత్తాత సర్దారని రాసి ఉందేమో చూడమంటారు. ప్రతివాడి ముత్తాతా గద్వాల సంస్థానంలోనో వనపర్తి సంస్థానంలోనో గుర్రమెక్కినవాడే. గుర్రానికి గడ్డి వేసిన ముత్తాత నాకు ఇంతవరకు ఒక్కడూ దొరకలేదు. ఇలాంటివాళ్లకు టీ కూడా ఇవ్వొద్దని మా ఆవిడకు చెప్పి పెట్టాను.

జోగులమ్మ అలా రాలేదు. ఎండలు ముదురుతున్న రోజుల్లో, బీచుపల్లి దగ్గరున్న తన అత్తగారి ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చి మా గడప బయటే కూర్చుంది. యాభై ఏడు, యాభై ఎనిమిదేళ్లుంటాయి. లోపలికి రమ్మంటే రాలేదు. మంచినీళ్లు తాగి, చెంగుతో మూతి తుడుచుకొని నేరుగా విషయానికి వచ్చింది.

“మా నాయిన ఉన్నడో సచ్చిండో కాయితాలల్ల చూసి చెప్తవంట గద సారూ. జర చూడు.”

“తెలిస్తే ఏం చేస్తావు?” అన్నాను.

“ఉంటే తిడ్త. సస్తే బియ్యమిస్త.”

బతుకమ్మ పండుగకు ముందు వచ్చే పెత్తరమాస నాడు, పోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే చెప్పి పంతులుకు బియ్యం, కూరగాయలు ఇస్తారు మా వైపు. జోగులమ్మ పుట్టింటికి మగపిల్లలు లేరు కాబట్టి ఆ బియ్యం ఈమే ఇస్తుంది. తాత పేరు చెబుతుంది, నాయనమ్మ పేరు చెబుతుంది, తొమ్మిదేళ్లుగా తల్లి పేరు కూడా చెబుతోంది. తండ్రి వంతు వచ్చేసరికి పంతులు ఆగి ఆమె ముఖం చూస్తాడట. బతికున్నవాడి పేరు మీద బియ్యమివ్వడం ఘోరం. పోయినవాడికి ఇవ్వకపోవడం అంతకన్నా ఘోరం. ఏదో ఒకటి తేల్చుకోవాలని ఆమె పట్టుదల.

ఆమె పుట్టింది నాగర్‌కర్నూల్ జిల్లాలో, కోడేరు పక్కన ఒక చిన్న ఊళ్లో. తండ్రి సాయన్నకు రెండెకరాల చెల్క ఉండేది, వాన పడితే జొన్న పండేది. డెబ్బై ఒకటో సంవత్సరం దీపావళి దాటాక కూలీలను పోగుచేసే గుంపు మేస్త్రి లారీ ఊళ్లోకి వచ్చింది. అప్పట్లో పాలమూరు ఊళ్లన్నిటికీ అలాంటి లారీలు వచ్చేవి, ఆనకట్టలు కట్టేచోటికి మగవాళ్లను ఎక్కించుకొని పోయేవి. సాయన్న తెల్లారకముందే లారీ ఎక్కాడు. జోగులమ్మకు అప్పుడు ఐదేళ్లు, నిద్రలో ఉంది. లేచేసరికి తండ్రి లేడు. లారీ మళ్లీ మిరుగుకు, తొలకరి వానలవేళకు, తిరిగొచ్చింది కాని సాయన్న దిగలేదు.

ఎవరో కన్నడపామెను చేసుకొని అక్కడే ఉండిపోయాడని ఊళ్లో అన్నారు. జోగులమ్మ ఆ మాటే నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది, వేరే మాట ఎవరూ చెప్పలేదు. ఆమె తల్లి చెన్నమ్మ మాత్రం ఏడవలేదు, మొగుణ్ణి తిట్టనూ లేదు. రోజూ స్నానం చేసి పావలా బిళ్లంత బొట్టు పెట్టుకొనేది. చేతినిండా గాజులు వేసుకొనేది. ఎవరడిగినా “పనికి పోయిండు, ఒస్తడు” అనేది. నలభై నాలుగేళ్లు అదే మాట చెప్పింది.

అదే వాడకట్టులో తిరుపతి అని ఒకతను ఉండేవాడు, సాయన్న ఈడువాడు. ప్రతి సంవత్సరం తన ఎడ్లు కట్టుకొని వచ్చి చెన్నమ్మ చెల్క దున్నిపెట్టేవాడు. కూలి తీసుకొనేవాడు కాదు, గడపెక్కేవాడు కాదు, దున్ని వెళ్లిపోయేవాడు. మొగుడు లేని ఇంటికి పరాయి మగవాడు ఊరికే దున్నిపెడితే జనం నోళ్లు ఊరుకుంటాయా! బొట్టూ గాజులూ ఎవరి కోసమో తమకు తెలుసన్నారు. పదహారేళ్ల జోగులమ్మ బోరింగు కాడ ఆ మాట విని, బిందె అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తింది. తల్లి రొట్టెలు చేస్తోంది.

“ఎవని కోసం పెడుతున్నవే ఆ బొట్టు?” అని అడిగింది.

చెన్నమ్మ చేతిలోని రొట్టె పెనం మీద వేసి, ఇంకో పిండిముద్ద తీసుకుంది.

పెళ్లయి గద్వాల వైపు వెళ్లాక జోగులమ్మ ఏడాదికి ఒకసారి వచ్చేది, వచ్చిన బస్సుకే తిరిగిపోయేది. పురుళ్లకు కూడా పుట్టింటికి రాలేదు. తొమ్మిదేళ్ల కిందట తల్లి పోయినప్పుడు తిరుపతి పాడె ఎత్తడానికి భుజం ఒగ్గితే, ఊరంతా చూస్తుండగా “నువ్వు ముట్టకు” అంది. అతను తువ్వాలు మళ్లీ భుజాన వేసుకొని వెనక్కి జరిగాడట. ఇదంతా మా గడప బయట కూర్చుని చెప్పి, “తప్పు చేసిన్నంటవా సారూ?” అని అడిగింది.

“నీ తప్పేం లేదు” అన్నాను. పెద్ద తీర్పరినైనట్టు అన్న ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మొదట పహాణీలు తెప్పించాను. ఏ పొలం ఎవరిది, ఆ యేడు ఎవరు సాగు చేశారు అని పట్వారీ, ఆ తర్వాత వీఆర్వో ఏటేటా రాసిన లెక్క అది. డెబ్బై రెండు నుంచి చెన్నమ్మ పోయిన ఏడాది దాకా, ఆ రెండెకరాలకు ఎదురుగా పట్టాదారు సాయన్న, సాగుదారు సాయన్న. ఒక్క ఏడూ తప్పిపోలేదు. జోగులమ్మకు అక్షరాలు రావు. నేను చదువుతుంటే వేలితో ఒక్కో గీతా తడిమి చూసింది.

“చూసినవా! ప్రతి యేడు ఉన్నడనే రాసిండ్రు. ఏడనో కడుపునిండ తింటనే ఉన్నడు. మేమే గంజి తాగినం.”

పహాణీ అంటే తలలు లెక్కపెట్టడం కాదు, పట్వారీలు నిరుటి పేరే ఈయేడూ దించుతారు అని చెప్పబోయాను. ఆమె వినే స్థితిలో లేదు.

ఇక మిగిలింది ఆ లారీ పోయిన ఆనకట్ట కాగితం. ఆ ఆనకట్ట పేరు చెప్పను. దాని నీళ్లు తాగుతున్నవాళ్లకు ఈ సంగతి ఎలాగూ రుచించదు. పని ముగిశాక అక్కడి రిజిస్టర్లన్నీ మూటలు కట్టి ఒక గోదాములో పడేశారు. అదృష్టం కొద్దీ ఆ గోదాము తాళాలు నా పాత శిష్యుడు డేవిడ్ చేతిలో ఉన్నాయి. దుమ్ముకు దగ్గుతూ నాలుగు నెలలు వెతికి, కోడేరు వైపు గుంపు తాలూకు మస్టరు జిరాక్సులు పంపాడు. కూలీల హాజరు పట్టీ అది. ముప్పై ఒక్క పేర్లు, పక్కన తండ్రి పేరు, ఊరు, వారం వారం వేలిముద్ర. మూడుసార్లు పైనుంచి కిందికి చదివాను. సాయన్న లేడు.

ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. “మీ నాయన అక్కడికి చేరనే లేదు జోగులమ్మా. దారిలోనే ఎక్కడో దిగిపోయి ఉంటాడు.”

“కాయితం గట్లనే అంటుందా?”

“కాగితం అంతే అంటుంది.”

“సరే సారూ. మంచిదైంది” అని పెట్టేసింది. ఆ యేడు పెత్తరమాసకు తల్లి వరకే బియ్యమిచ్చి, ఇక మీదట తండ్రి ఊసు ఎత్తవద్దని పంతులుకు చెప్పేసిందని తర్వాత తెలిసింది.

పాలమూరులో పుట్టి పెరిగినవాడెవడూ ఆ మస్టరును అలా చదవడు. మేస్త్రి గుత్తేదారుకు ఇన్ని తలలని ముందే ఒప్పుకొని పేర్లు రాయించేవాడు. లారీ వచ్చేవేళకు ఆ పేరున్నవాడు జ్వరంతో పడితే వాడి తమ్ముడు ఎక్కేవాడు, తమ్ముడు లేకపోతే పక్కింటివాడు. పేరు మాత్రం మారదు. ఎక్కినవాణ్ణి ఆరు నెలలూ ఆ పేరుతోనే పిలుస్తారు, వాడూ ఆ పేరుతోనే పలుకుతాడు, వేలిముద్ర వేస్తాడు. మా మేనమామ నర్సింహులు రెండు సీజన్లు వేరేవాడి పేరు మీద మట్టి మోసి వచ్చాడు. ఇంటికొచ్చాక కూడా మేము సొంత పేరుతో పిలిస్తే పలికేవాడు కాదని మా అమ్మ నవ్వుతూ చెప్పేది. నలుగురికీ పాఠాలు చెప్పిన నేను మా ఇంటి సంగతే మరిచిపోయి, రాసి ఉన్న పేర్లనే పట్టుకొని వేలాడాను.

డిసెంబరులో డేవిడ్ ఇంకో కాగితం పంపాడు. ప్రమాదాల రిజిస్టరులో ఒక పేజీ. డెబ్బై ఒకటి డిసెంబరు తొమ్మిదిన కాలువ తవ్వుతుండగా మట్టిచరియ విరిగిపడి ఏడుగురు చనిపోయారు. శవాలను ఒడ్డునే పూడ్చినట్టు రాసి ఉంది. నాలుగో పేరు తిరుపతి, తండ్రి కురుమయ్య, ఊరు జోగులమ్మ పుట్టిన ఊరే.

తొమ్మిదేళ్ల కిందట పాడె దగ్గరికొచ్చిన తిరుపతి ఇతను కాడనుకున్నాను, ఆ పేరు ఊళ్లో పదిమందికి ఉంటుంది. అయినా పళ్లలో ఇరుక్కున్న పీచులా ఆ పేరు నన్ను వదల్లేదు. ఒకరోజు పొద్దున్నే బస్సెక్కి ఆ ఊరికి వెళ్లాను. కురుమయ్య కొడుకు తిరుపతి ఇల్లు ఏదని అడిగితే, బండ మీద కూర్చుని తాడు పేనుతున్న ఒక ముసలాయన తలెత్తాడు.

“నేనే సారూ. కూసో. చాయ్ తాగుతవా?”

చనిపోయాడని రాసిన కాగితం నా జేబులో పెట్టుకొని, ఆయన ఇచ్చిన చాయ్ తాగాను. తాగాక, జోగులమ్మ తండ్రి కోసం వెతుకుతున్నానని చెప్పి ఆ పేజీ తీసి చదివాను. ఆయన చేతుల్లో తాడు ఆగిపోయింది.

“మిగిలిన ఆరుగురి పేర్లు గూడ సదువు” అన్నాడు.

చదివాను. ఒక్కో పేరుకూ తల ఊపాడు. “జోగులమ్మను పిలిపియ్యి సారూ. ఇంకెవరికి చెప్ప. ఆమెకే చెప్పి సస్త” అన్నాడు.

మూడో రోజున జోగులమ్మ వచ్చింది. ఎందుకు రమ్మన్నానో ఫోనులో చెప్పలేదు, ఒకసారి తప్పు చెప్పిన నోరు కదా. ఆ ఇంటి ముందు ఆగి, “వీని గడప నేనెక్క” అంది. గడప ఎక్కనక్కర్లేదని బయట బండ మీదే కూర్చోబెట్టాను. ఆమె తిరుపతి వైపు చూడలేదు. తిరుపతి కూడా ఆమె వైపు చూడలేదు. నేనే ఆ పేజీ చదివి, అది ఏమిటో చెప్పాను. తర్వాత ఆయన మొదలుపెట్టాడు.

“మస్టర్ల పేరు నాదే. నాకు కామెర్లయినయి, లేవకపోతి. మేస్త్రి వాకిట్ల నిలవడి బూతులు తిడుతుండె. మీ నాయిన ఒచ్చి, నువ్వు పండుకో, నీ పేరు మీద నేను పోత అన్నడు. నెలకు నీ రోగం తక్కువైతది, నువ్వొచ్చి నన్ను పంపు అన్నడు. గట్లనే అనుకున్నం.”

“పోలేదా నువ్వు?” జోగులమ్మ మొదటిసారి అతని ముఖం చూసింది.

“ఇరవై దినాలకు లేసిన. అప్పుడే కొత్తగ లగ్గమైంది నాది. ఇయ్యాల పోత, రేపు పోత అనుకుంట ఇంట్లనే ఉన్న. నెల దాటింది. ఇంకో పది దినాలైనయి. మేస్త్రి ఒక్కడే ఒచ్చిండు. నువ్వు సచ్చినవ్‌రా తిరుపతీ, నోరు మూసుకో అన్నడు. నోరిప్పితే ఇద్దర్ని జైల్ల ఏస్తరు, ఈ ఊరోళ్లను ఎవ్వరు పనికి పిలువరు అన్నడు. గుంపుల ఉన్నోళ్లను గూడ గట్లనే బెదిరిచ్చి, కన్నడపామె మాట పుట్టిచ్చిండు. భయపడ్డ. మూసుకున్న.”

యాభై రెండేళ్లుగా తండ్రి కోసం దాచిపెట్టుకున్న తిట్లు జోగులమ్మ దగ్గరున్నాయి. అవన్నీ ఇప్పుడు తిరుపతి మీద పడతాయనుకున్నాను.

“మా అమ్మకన్న చెప్పకపోతివి” అంది.

“చెప్పిన.”

“ఎప్పుడు?”

“మల్ల యేడు. చెల్క దున్నబోయినప్పుడు. ఆమె కాళ్ల మీద పడ్డ.”

జోగులమ్మకు అర్థం కాలేదు. నాకూ వెంటనే అర్థం కాలేదు. తెలిసినప్పుడు బొట్టెందుకు, గాజులెందుకు, వస్తాడని అందరికీ చెప్పడమెందుకు? తిరుపతి తాడు పక్కన పెట్టి మెల్లగా చెప్పాడు. సాయన్నకు ఇద్దరు అన్నలు. కొడుకు లేని విధవకు చెల్కలో వాటా లేదని వాళ్లు తీసేసుకొనేవాళ్లు, అప్పటికే ఊళ్లో రెండిళ్లలో అలా జరిగింది. సాయన్న బతికి ఉన్నంతవరకు చెల్క సాయన్నది. పట్వారీ ఏటా పంట రాసుకోవడానికి వచ్చి, సాయన్న ఉన్నడా అని అడిగేవాడు. చెన్నమ్మ నిండుగా బొట్టు పెట్టుకొని, గాజుల చేతులతో చెంబు నీళ్లు తెచ్చి ఇచ్చి, ఉన్నడు, పనికి పోయిండు అనేది. పట్వారీ ఆమెను ఎగాదిగా చూసి రాసుకొనేవాడు. ఒంటి మీద ఆ గుర్తులు ఉండబట్టే బావలు నోరెత్తలేకపోయారు.

“నా మీద మాట పడ్డప్పుడు పోయి అడిగిన. చెల్లె, ఊరంత గిట్ల అంటుంది, నేను దున్నుడు బంద్ చేస్త అన్న. దున్ను అన్నది. ఎవడన్న ఏమన్న అననీ, నా బిడ్డకు రెండెకరాలుండాలె అన్నది. ఆమెకు చెప్పకు, చిన్న పిల్ల, నోరు జారితే చెల్క పోతది అన్నది. నువ్వు పెద్దగైనంక చెప్తదనుకున్న. అప్పటికి నువ్వు ఆమెతోటి మాట్లాడకపోతివి.”

ఆ చెల్క ఇప్పటికీ జోగులమ్మదే. దాన్ని కౌలుకిచ్చి, వచ్చిన జొన్నలు ఏటా రెండు బస్తాలు బీచుపల్లి దాకా తీసుకుపోతుంది. ఆ సంగతి తట్టిందేమో, ఆమె కుడిచేత్తో తన నోటి మీద తనే కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకొని మళ్లీ కొట్టుకుంది. “ఈ నోటితోటే అన్న సారూ. ఈ నోటితోటే అన్న” అంది. పెదవి చిట్లి రక్తం వచ్చాక గాని ఆగలేదు. నా అరవై ఆరేళ్ల బతుకులో అంత భయం నాకెప్పుడూ వేయలేదు.

చెంగుతో పెదవి తుడుచుకొని తిరుపతిని అడిగింది. “మా నాయినకు ఎన్నడన్న బియ్యమిచ్చినవా?”

“ఇచ్చిన. ప్రతి పెత్తరమాసకు. ఈ ఊరి పంతులుకైతే తెల్వనియ్యొద్దని కోడేరు పోయి ఇస్త.”

“ఏ పేరు మీద?”

“తిరుపతి అని. సాయన్న అంటే మీ అమ్మ కత బైటవడ్తది గద. నా పేరు మీద నేనే ఇచ్చుకున్న యాభై ఏండ్లు.”

నా వృత్తి బుద్ధి ఎక్కడికి పోతుంది! తిరిగి వచ్చిన వారంలోనే అర్జీ తయారుచేశాను. ఫలానా తేదీన చనిపోయినది తిరుపతి కాదు, సాయన్న. సాక్షి స్వయంగా ఆ తిరుపతే. వేలిముద్ర వేస్తానని ఆయన ఒప్పుకున్నాడు. రిజిస్టరులో ఒక్క పేరైనా నిజం కావాలని నాకు తహతహగా ఉంది. నా పొరపాటు కూడా దాంతో కడిగినట్టు పోతుందని ఆశ పడ్డాను, దాచుకోవడమెందుకు. జోగులమ్మను రమ్మని, ఈసారి లోపలికి పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి అంతా చదివి వినిపించాను.

ఓపిగ్గా విన్నది. విన్నాక అడిగింది.

“గా కాయితంల నాయిన డెబ్బై ఒకట్ల సచ్చిండని రాస్తరు గద?”

“అవును.”

“మరి పహాణీల నలబై ఏండ్లు ఉన్నడని రాయించిందెవరని అడుగుతరు గద?”

“అడిగితే అడగొచ్చు. ఇన్నేళ్లకు దానివల్ల ఇబ్బంది ఏమీ రాదు. మీ అమ్మ అలా చెప్పిందని రాస్తాం, అంతే.”

ఆమె లేచి నిలబడింది. బస్సుకు టైమైందని సంచి చంకకు తగిలించుకుంది. నేను ఇంకా కాగితం చాపుతూనే ఉన్నాను.

“నాయినకు బియ్యమిస్త. పేరు చెప్పి ఇస్త. దానికి ఏ కాయితం వద్దు. రిజిస్టర్ల పేరు లేకపోతే లేకపాయె. ఊరంత అన్నది ఆమెను, నేనూ అన్న. ఇగ సర్కారుతోటి గూడ అబద్ధాలకోరు అని రాయిస్తనా? అమ్మను ఇంకోసారి తిట్టలేను సారూ.”